చప్పట్లు కొట్టని ప్రేక్షకులు: సమకాలీన నృత్యం మన తీరగ్రామాల మనసులను ఎలా తాకుతోంది?

పెన్నాతీరం (నెల్లూరు)

సభ్యులందరికీ నమస్కారం. చెన్నై నుంచి వచ్చిన ఒక సమకాలీన నృత్య బృందం ఈ వేసవిలో మన జిల్లాలో ఒకే ప్రదర్శనను రెండు చోట్ల ఇచ్చింది. మొదటిది నెల్లూరు పట్టణంలోని ఒక సభామందిరంలో, రెండవది అల్లూరు వైపు సముద్రతీరంలోని ఒక పాలెంలో జరిగింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధ కాలం కాబట్టి పాలెంలో మగవాళ్ళు కూడా ఒడ్డునే ఉన్నారు. రెండు చోట్లా నిర్వాహకులకు సాయపడే అవకాశం నాకు కలిగింది.

ప్రదర్శనలో కథ లేదు, పాట లేదు, పాత్రల పేర్లు లేవు. మృదంగానికి బదులు అలల హోరును, చెక్కపై కర్రతో కొట్టిన చప్పుడును వాడుకున్నారు. ఒక భాగంలో నర్తకులందరూ వరుసగా నిలబడి కంటికి కనిపించని తాడును లాగుతారు. మరొక భాగంలో ఒక నర్తకి నెత్తిమీద బరువున్నట్లుగా మెడ నిటారుగా పెట్టి, మోకాళ్ళు కొద్దిగా వంచి, దించుకోవడానికి మరొక మనిషి చేయి కోసం ఎదురుచూస్తూ నిలబడుతుంది. ఆ చేయి రాదు. ఆ భాగం అక్కడితో ముగుస్తుంది.

నెల్లూరులో చప్పట్లు బాగానే మోగాయి. పాలెంలో ఒక్క చప్పట్టు కూడా వినిపించలేదు. ప్రదర్శన అయిపోయిన తర్వాత కూడా జనం చాలాసేపు లేవలేదు, ఆడవాళ్ళలో కొందరు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు, మగవాళ్ళు కొందరు మాట్లాడకుండా దిబ్బ మీదికి వెళ్ళిపోయారు. అది చూసి నిర్వాహకులు ప్రదర్శన పాలెం వాళ్ళకు ఎక్కలేదని నిర్ణయించేసుకున్నారు. నా అభిప్రాయం అందుకు పూర్తిగా భిన్నం. ఆ రాత్రి నేను చూసిన ప్రేక్షకులు నెల్లూరు ప్రేక్షకుల కంటే ఎంతో లోతుగా కదిలిపోయారు. నృత్యం నేర్వని వాళ్ళను, ఈ తరహా ప్రదర్శన అంతకు ముందెన్నడూ చూడని వాళ్ళను ఈ కళ అంతగా ఎలా పట్టుకోగలిగింది? అలా పట్టుకున్నప్పుడు ప్రదర్శకుల మీద, మనలాంటి నిర్వాహకుల మీద పడే బాధ్యత ఏమిటి? ఈ రెండు విషయాల మీద సభ్యుల ఆలోచనలు తెలుసుకోవాలని ఉంది.

---

నాట్యోపాసిని (ఒంగోలు)

పెన్నాతీరం గారూ, మీరు రాసింది శ్రద్ధగా చదివాను. ఒంగోలులో చాలా కాలంగా పిల్లలకు కూచిపూడి నేర్పుతున్న దాన్ని కాబట్టి నాకు కలిగిన సందేహాన్ని దాచుకోకుండా చెబుతాను. ప్రేక్షకుడి కంట నీరు వచ్చినంత మాత్రాన అది కళ కలిగించిన అనుభూతి అని మన శాస్త్రం ఒప్పుకోదు. ప్రాచీన అలంకారశాస్త్రవేత్త భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ప్రకారం రంగస్థలం మీది దుఃఖం ఫలానా మనిషిది కాకుండా పోవాలి, చూసేవాడిది కూడా కాకుండా పోవాలి, అప్పుడే అది కరుణరసంగా ఆస్వాదనకు వస్తుంది. సముద్రంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ ఆ చేయి రాకపోవడం చూసి తన భర్తను తలచుకుని ఏడిస్తే, అది ఆమె సొంత శోకం. శోకం స్థాయీభావం మాత్రమే, అంటే మనసులో నిలిచి ఉండే మూలభావం, అది ఇంకా రసం కాలేదు.

కథ లేకుండా, వాచికం (మాట, పాట) లేకుండా విభావాన్ని, అంటే భావాన్ని మేల్కొలిపే ఆధారాన్ని, ఎలా నిలబెడతారన్నది నా రెండవ సందేహం. కూచిపూడిలో సత్యభామ జడ పట్టుకుని ప్రవేశించే సరికే ఆమె ఎవరో, ఆమె గర్వం ఎలాంటిదో సభకంతా తెలుసు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు ఆ పాత్రలో సభలను దశాబ్దాల పాటు కట్టిపడేయడం వెనక ఆయన ప్రతిభతో పాటు ప్రేక్షకులకు అప్పటికే ఉన్న ఆ పరిచయం కూడా ఉంది. అటువంటి పునాది లేని ప్రదర్శన ప్రేక్షకుడి సొంత గాయాన్ని కెలకడం మీదనే ఆధారపడుతుందేమో అన్నది నా భయం.

---

కావలి మాస్టారు

ఒంగోలు అమ్మగారి సందేహం విలువైనది. అయితే కథ లేకపోతే ప్రేక్షకుడికి పట్టు దొరకదన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. నేను భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి, నాట్యం నాకు చూసేవాడిగానే తెలుసు. అందుకే ఈ విషయాన్ని శరీరం వైపు నుంచి చూస్తాను.

కదులుతున్న శరీరాన్ని చూస్తున్నప్పుడు చూసేవాడి కండరాలు కూడా లోపల స్పందిస్తాయని, నృత్యం ప్రేక్షకుడిని చేరే ముఖ్యమైన దారి అదేనని అమెరికా విమర్శకుడు జాన్ మార్టిన్ 1930లలోనే వాదించాడు. ఆ రోజుల్లో అది పరిశీలన మీద ఆధారపడిన ఊహ. 2005లో లండన్ పరిశోధకులు బాలే నర్తకులను, బ్రెజిల్ దేశపు కపోయిరా విద్య నేర్చిన వాళ్ళను, ఏ నృత్యమూ రాని వాళ్ళను తీసుకుని, నృత్య దృశ్యాలు చూస్తున్నప్పుడు వాళ్ళ మెదడు ఎలా పనిచేస్తుందో స్కానింగ్ యంత్రంతో గమనించారు. బాలే వాళ్ళకు బాలే చూసినప్పుడు, కపోయిరా వాళ్ళకు కపోయిరా చూసినప్పుడు మెదడులో కదలికలకు సంబంధించిన ప్రాంతాలు ఎక్కువగా స్పందించాయి. మరుసటి సంవత్సరం వచ్చిన ఫలితం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. బాలేలో స్త్రీలు మాత్రమే చేసే కదలికలు, పురుషులు మాత్రమే చేసే కదలికలు కొన్ని ఉంటాయి. ఇద్దరూ ఒకే చోట సాధన చేస్తూ ఒకరివొకరు రోజూ చూస్తూనే ఉంటారు. అయినా తాము చేసే కదలికలను చూసినప్పుడే వాళ్ళ మెదడు బలంగా స్పందించింది. కంటికి అలవాటైనంత మాత్రాన చాలదని, ఒంటికి పట్టిన కదలికే లోపలికి దిగుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

పాలెం మనుషులు నృత్యం నేర్వలేదన్న మాట నిజమే కానీ, తాడు లాగడంలో వాళ్ళ శరీరాలకు ఉన్న అభ్యాసం ఏ నృత్య విద్యార్థి సాధనకూ తీసిపోదు. నెల్లూరు సభలో కూర్చున్న మనలో ఎంతమంది వల లాగాం?

ఒక ప్రశ్న మాత్రం నాకు మిగిలే ఉంది. వల లాగేది ఎక్కువగా మగవాళ్ళు. కన్నీళ్ళు పెట్టుకున్నది ఆడవాళ్ళని పెన్నాతీరం గారు రాశారు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

---

పాలెం అబ్బాయి

మాస్టారూ, మీ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. ఆ పాలెం మాదే. మా అమ్మ, పెద్దమ్మ, నేను ముగ్గురం ఆ రాత్రి ముందు వరుస ఇసుకలోనే కూర్చున్నాం.

ముందు మగవాళ్ళ సంగతి చెబుతాను. ఆ సాయంత్రం నర్తకులు ఒడ్డున అభ్యాసం చేస్తుంటే మా వాళ్ళు చుట్టూ చేరి చూశారు. నర్తకులు నడుము వంచి చేతుల బలంతో తాడు లాగుతున్నారు. మా తాత వరసయ్యే పెద్దాయన ఒకరు కాసేపు ఓపిక పట్టి, "అట్ట లాగితే వల రాదబ్బయ్యా, మడమ దిగాల" అని లేచి చూపించారు. ఒడ్డు నుంచి లాగే పెద్ద వలను అలివి వల అంటాం, అది లాగేటప్పుడు మడమ ఇసుకలో దిగేసి, ఒంటి బరువంతా వెనక్కి వేసి, అడుగు అడుగునా వెనక్కి నడుస్తాం. చేతులు తాడును పట్టి ఉంచుతాయి అంతే, లాగేది నడుమూ కాళ్ళూను. నర్తకుల్లో పెద్దావిడ ఆయన పక్కన నిలబడి మళ్ళీ మళ్ళీ చేసి నేర్చుకున్నారు, రాత్రి ప్రదర్శనలో అందరూ అలాగే లాగారు. ఆ భాగం వచ్చినప్పుడు నా పక్కన కూర్చున్న వాళ్ళ కాళ్ళను చూశాను. కూర్చున్న చోటనే మడమలు ఇసుకలోకి దిగుతున్నాయి. ఆ సంగతి వాళ్ళకు తెలిసి ఉండదు.

ఆడవాళ్ళ విషయం వేరు. చేపల గంప నిండితే ఒక్కరుగా నెత్తికెత్తుకోలేరు, ఒక్కరుగా దించుకోలేరు. ఎత్తేటప్పుడు ఒక చేయి కావాలి, దించేటప్పుడు ఒక చేయి కావాలి. మా అమ్మ ఊళ్ళు తిరిగి అమ్ముకునే రోజుల్లో గడప ముందు నిలబడి "అమ్మా, ఒక చెయ్యి వెయ్యండి" అని అడగడం నేను చిన్నప్పుడు చాలాసార్లు చూశాను. కొన్ని ఇళ్ళ వాళ్ళు వచ్చి దించేవాళ్ళు. కొన్ని ఇళ్ళ వాళ్ళు నీచు వాసన తగులుతుందని దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. ఆ నర్తకి మోకాళ్ళు వంచి మెడ కదలకుండా నిలబడినప్పుడు మా అమ్మ చేయి తనకు తెలియకుండానే కాస్త పైకి లేచింది.

ఒంగోలు మేడమ్ గారికి మర్యాదగా ఒక మాట చెప్పాలి. మా అమ్మ ఏడ్చింది మా నాన్న కోసం కాదు, మా నాన్న బతికే ఉన్నాడు. ఇంటికి వచ్చాక నేను అడిగితే, "ఆ పిల్ల ఎంతసేపు నిలబడిందో చూశావా, ఎవరూ పోలేదే" అంది. అది ఆమె సొంత శోకం అవుతుందా, కాదా అనేది శాస్త్రం చదివిన మీరే చెప్పాలి.

చప్పట్ల గురించి కూడా చెబుతాను. మా దగ్గర తిరునాళ్ళలో పాటకచేరి బాగుంటే ఈలలు వేస్తాం, చప్పట్లు కొడతాం. మనిషి కష్టంలో ఉన్నట్టు కనిపించినప్పుడు కొట్టం.

---

నాట్యోపాసిని (ఒంగోలు)

బాబూ, మీ అమ్మగారి మాట ఈ చర్చలో అన్నిటికంటే బరువైనది. "ఎవరూ పోలేదే" అన్నప్పుడు ఆమె తనను గురించి అనుకోలేదు, ఆ నర్తకిని గురించి కూడా అనుకోలేదు. సహాయం అందని మనిషిని చూసి ఆమె మనసు కదిలింది. భట్టనాయకుడు కోరిన స్థితి అదే. కథ అక్కరలేకుండానే ఆమె అక్కడికి చేరుకుందంటే, గంప దించుకునే ఆ భంగిమ మీ పాలెంలో విభావంగా నిలిచినందువల్లనే. సత్యభామ జడకు మా సభలో ఉన్న పరిచయం ఆ భంగిమకు మీ ఊళ్ళో ఉంది. నెల్లూరు సభలో ఆ పరిచయం లేదు కాబట్టి అక్కడ అది అందమైన భంగిమగానే మిగిలిపోయి ఉంటుంది.

చెన్నైలో చంద్రలేఖ గారు 1985లో "అంగిక" రూపొందించినప్పుడు భరతనాట్యాన్ని యోగంతోను, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టుతోను కలిపి, దేవతల కథలను పక్కన పెట్టి, శరీరపు శక్తినే ముందుకు తెచ్చారు. నాలాంటి సంప్రదాయవాదులకు అది చాలాకాలం మింగుడు పడలేదు. శ్రమ చేసే శరీరానికి, నాట్యం చేసే శరీరానికి మధ్య గోడ ఉండనక్కరలేదన్న ఆమె పట్టుదలకు పాలెం సంఘటన చాలా దగ్గరగా ఉందని ఇప్పుడు అనిపిస్తోంది.

---

ఊరట (మానసిక ఆరోగ్య సలహాదారు, నెల్లూరు)

చర్చ అందంగా సాగుతోంది, అయితే నేను కొంచెం కఠినమైన విషయాన్ని ముందు పెట్టాలి. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం సునామీ మన నెల్లూరు, ప్రకాశం తీరాలను కూడా తాకింది. ఆ రోజు చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు తల్లిదండ్రులు. తీరంలోని పాలెంలో, రాత్రిపూట, చీకట్లో, పెద్ద స్పీకర్లలో అలల హోరు వినిపించే ముందు నిర్వాహకులు ఎవరినైనా సంప్రదించారా? కొందరు మగవాళ్ళు మాట్లాడకుండా దిబ్బ మీదికి వెళ్ళిపోయారన్న వాక్యం దగ్గర నా మనసు ఆగిపోయింది. వాళ్ళు నృత్యం చూసి కదిలిపోయి వెళ్ళారా, ఆ శబ్దం భరించలేక వెళ్ళారా అన్నది బయటి నుంచి చూసి తేల్చలేం.

అమెరికా నర్తకి మార్తా గ్రాహమ్ 1930లో "లామెంటేషన్" అనే ఏకపాత్ర నృత్యం చేసింది. సాగే గుడ్డతో కుట్టిన గొట్టంలాంటి దుస్తుల్లో, ఒక బల్ల మీద కూర్చున్న చోటు నుంచి దాదాపు కదలకుండా, దుఃఖంలో శరీరం లోపలి నుంచి ఎలా సాగుతుందో చూపించింది. కొడుకు లారీ కింద పడి చనిపోవడం కళ్ళారా చూసి, ఆ తర్వాత ఏడవలేకపోయిన ఒక తల్లి ఆ నృత్యం చూసి తొలిసారి ఏడ్చిందని గ్రాహమ్ స్వయంగా చెప్పుకుంది. సమకాలీన నృత్యం గురించి మాట్లాడే వాళ్ళందరూ ఈ సంగతిని ఉదాహరిస్తారు, నేనూ ఉదాహరిస్తాను. కానీ ఆ తల్లి ఆ తర్వాతి వారం ఎలా ఉంది, ఆమెతో ఎవరు మాట్లాడారు అన్నది ఆ కథలో లేదు. నా వృత్తిలో నాకు కావలసింది ఆ మిగతా సగం. గడ్డకట్టిన దుఃఖం కదలడం మంచిదే, అయితే కదిలిన తర్వాత ఆ మనిషి పక్కన మరొక మనిషి ఉండాలి.

జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో మనసు చెదిరిన వాళ్ళు వచ్చి నిద్ర చేయడం మన ప్రాంతంలో అందరికీ తెలుసు. వైద్యం మానుకుని అక్కడికి వెళ్ళమని నేను ఎవరికీ చెప్పను. కానీ అక్కడ ఒక సంగతి గమనించాలి. ఒంటరిగా వచ్చేవాళ్ళు తక్కువ. తల్లో, అక్కో, మేనత్తో తోడు ఉంటుంది, ఊగుతున్న మనిషిని పట్టుకునే చేయి ఉంటుంది. ప్రదర్శనశాలలో ఆ ఏర్పాటు ఎవరు చేస్తారు?

ప్రదర్శనకు ముందు రోజే అందులో ఏముందో ఊరి పెద్దలకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు మామూలు మాటల్లో చెప్పండి. ఎప్పుడైనా లేచి వెళ్ళడానికి వీలుగా పక్కన దారి వదలండి, అక్కడ కొంచెం వెలుతురు ఉంచండి. అయిపోగానే మైకు పట్టుకుని "మీకు ఏమనిపించింది" అని ఎవరినీ అడగవద్దు. ఈ మూడవది దయచేసి గుర్తుంచుకోండి. కళ్ళు తుడుచుకుంటున్న మనిషి ముందు మైకు పెట్టడం క్రూరత్వం.

---

పాలెం అబ్బాయి

ఊరట గారూ, దిబ్బ మీదికి వెళ్ళిన వాళ్ళలో మా బాబాయి ఉన్నాడు. ఆయన అలల శబ్దం వల్లనే లేచాడు. "సముద్రం పక్కనే ఉండగా దాని గొంతు పెట్టెలో పెట్టి వినిపించడం ఎందుకు" అని అడిగాడు. నిజమే, స్పీకర్లు ఆపితే అసలు అలలే వినిపించేవి.

---

అక్షరయాత్ర (కలిగిరి)

నేను 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలతో, అంటే ఊరూరా ఆటపాటలు ప్రదర్శించే బృందాలతో, తిరిగిన మనిషిని. ఊరట గారు అడిగిన ఆ మిగతా సగం మన జిల్లా చరిత్రలోనే ఉందని చెప్పడానికి రాస్తున్నాను.

1992లో మన జిల్లాలోని దూబగుంట ఊరి స్త్రీలు సారా అంగడికి ఎదురు తిరిగారు. ఆ పోరాటం జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. రాత్రి బడిలో పాఠంగా చదువుకున్న సీతమ్మ కథ ఆ స్త్రీలలో ఎంత ఆలోచన రేపిందో అందరూ చెబుతారు. కళాజాతా ఆటపాటలు చేసిన పని కూడా ఆ వరుసలోనే చూడాలి. తాగొచ్చిన భర్త ముందు అన్నం గిన్నె పట్టుకుని నిలబడిన స్త్రీని వీధిలో ఆడి చూపిస్తే, చూస్తున్న ఆడవాళ్ళు అప్పటిదాకా తమ ఇంటి రహస్యం అనుకున్నది ఊరందరి బాధ అని అక్కడికక్కడే ఒకరి ముఖం ఒకరు చూసుకుని తెలుసుకున్నారు. ఆ చూపు ముఖ్యం. అయితే ఆట అయిపోయాక మేము ఊరు వదిలి వెళ్ళినా, రాత్రి బడి అక్కడే ఉండేది. మరునాడు వాళ్ళు మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు, ఒక లాంతరు, చదువు చెప్పే ఒక మనిషి ఉండేవారు. రేగిన భావం పోరాటంగా మారింది ఆ చోటు ఉన్నందువల్లనే.

చెన్నై బృందం ఎంత ప్రతిభ గలదైనా మరునాటి ఉదయం బస్సెక్కి వెళ్ళిపోతుంది. అందులో తప్పు లేదు. కానీ ఊళ్ళో ఆ మాటను కొనసాగించే వాళ్ళను, అంటే పొదుపు సంఘాన్నో, బడి పంతులమ్మనో, గ్రంథాలయాన్నో ముందే కలుపుకోకుండా ప్రదర్శనలు పెట్టడం నాకు నచ్చదు.

---

డప్పు మాష్టి (కందుకూరు)

నాది చిన్న మాటే కానీ, చెప్పి తీరాలి. ఒక కళాశాల ఉత్సవంలో సమకాలీన నృత్యం అంటూ ఒక బృందం మా డప్పును వాడుకుంది. ఆ దెబ్బ వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. అది శవం ముందు వేసే దెబ్బ. పెళ్ళికి ఒక దెబ్బ ఉంది, జాతరకు ఒకటి, చాటింపుకు ఒకటి, చావుకు ఒకటి. వాళ్ళు చావు దెబ్బకు రంగుబట్టలు కట్టుకుని ఎగురుతున్నారు, ముందు వరుసలో పెద్దలు తాళం వేస్తున్నారు. మా వాడ నుంచి వచ్చిన పిల్లలు వెనక నిలబడి తల దించుకున్నారు. అదే దెబ్బను తెలిసి, కావాలని, మరణం గురించిన నృత్యానికి వాడి ఉంటే నేనే మొదట లేచి నమస్కారం పెట్టేవాణ్ణి. పాలెంలో ఆ పెద్దాయన్ని అడిగి మడమ ఎక్కడ దిగాలో నేర్చుకున్నట్లే, మా వాడకు వచ్చి ఏ దెబ్బ ఎప్పటిదో అడిగితే చెప్పే వాళ్ళం. ప్రేక్షకుల మనసు కదిలించాలంటే ముందు ఆ ప్రేక్షకుల దగ్గర కూర్చోవాలి.

---

నాట్యోపాసిని (ఒంగోలు)

మాష్టి గారి మాట చదివాక నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం గుర్తుకు వచ్చింది. తొలి నాట్యప్రదర్శనలో దేవతల విజయాన్ని, దైత్యుల ఓటమిని ఆడారు. చూస్తున్న దైత్యులు నొచ్చుకుని, విఘ్నాలనే దుష్టశక్తులతో చేతులు కలిపి నటుల మాటను, కదలికను స్తంభింపజేశారు. అంటే మన సంప్రదాయం చెప్పే మొట్టమొదటి ప్రదర్శనలోనే ప్రేక్షకుల్లో ఒక వర్గం అవమానపడింది. విశ్వకర్మ చేత నాట్యశాలను కట్టించిన బ్రహ్మ అంతటితో ఊరుకోలేదు. దైత్యులతో మాట్లాడి, నాట్యం ఒక పక్షానికి చెందింది కాదని, దుఃఖంలో ఉన్నవారికి, శ్రమతో అలసినవారికి, శోకంలో ఉన్నవారికి విశ్రాంతినిచ్చేదని వివరించాడు. శ్రమార్తులకు అన్న మాట ఆ శ్లోకంలో స్పష్టంగా ఉంది. శ్రమించే వాళ్ళను మనం ప్రేక్షకులుగా లెక్కలోకి తీసుకోవడం మానేసి చాలా కాలమైంది.

---

కావలి మాస్టారు

ఒక్క విషయం కలుపుతాను. నెల్లూరు సభలో ప్రదర్శనకు ముందు వేదిక మీద ఒక పెద్దమనిషి "ఇప్పుడు మీరు చూడబోయేది మత్స్యకారుల జీవన సంఘర్షణ, దీనిలోని తాడు విధికి ప్రతీక" అంటూ చాలాసేపు వివరించారట. అలా చెప్పాక ప్రేక్షకుడు తాడును చూడటం మానేసి విధిని వెతుక్కుంటాడు. ఊరట గారు కోరిన ముందుమాట వేరు, అది మనిషిని సిద్ధం చేయడానికి చెప్పేది. ప్రదర్శన అర్థమేమిటో ముందే చెప్పడం వేరు. ఈ రెండింటినీ నిర్వాహకులు కలిపేయకూడదని నా విన్నపం.

---

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. నిర్వాహకులకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. వచ్చే ఏడాది వేట నిషేధ కాలంలోనే మళ్ళీ రావడానికి బృందం ఒప్పుకుంది. ఈసారి ముందుగా వచ్చి పాలెంలో కొన్ని రోజులు ఉంటారు, స్పీకర్లలో అలల శబ్దం ఉండదు. డప్పు వాడే పక్షంలో కందుకూరు మాష్టి గారిని అడిగే వాడతారు. కలిగిరి వారు చెప్పినట్లు ఊళ్ళోని పొదుపు సంఘం వాళ్ళతో మాట్లాడే పనిని ఊరట గారు తీసుకుంటామన్నారు. ముందు వరుస కుర్చీల విషయం ఒక్కటే ఇంకా తేలలేదు. అతిథులకు కుర్చీలు వేయాల్సిందేనని కొందరు పట్టుబడుతున్నారు.

---

పాలెం అబ్బాయి

కుర్చీలు వెనక వెయ్యండి సార్. ముందు వేస్తే ఇసుకలో కూర్చున్న వాళ్ళకు నర్తకుల కాళ్ళు కనపడవు. మా వాళ్ళు చూసేది కాళ్ళనే. ఇంకొకటి, అమ్మ అడగమంది: ఆ గంప పిల్ల ఈసారి కూడా వస్తుందా?